సెల్లార్ గేటూ, లీలాకుమారి గారి ప్రార్థనా

దయారత్నానికి కళ్ళు లేవా అంటే ఉన్నాయి, వాటిమీద దళసరి అద్దాలు కూడా ఉన్నాయి. అంత పెద్ద సెల్లార్‌లో, అన్ని స్తంభాలుండగా, ఆ సైరన్ డబ్బాను తెచ్చి తెచ్చి ఆనందం కుట్టుమిషను నెత్తిమీదే బిగించాడంటే అది కళ్ళు కనపడక చేసిన పని కాదు, మనసులో ఏదో పెట్టుకుని చేసిన పని. ఈ మాట ఆనందం తన దగ్గరికొచ్చిన ప్రతి గిరాకీకీ చెప్పాడు. ప్యాంటు పొడవు తగ్గించుకుందామని వచ్చినవాళ్ళు దయారత్నం చరిత్రంతా విని పోయేవాళ్ళు.

"రైల్వేల సిగ్నల్ ఇన్‌స్పెక్టరట. దేశంల ఉన్న రైళ్ళన్నీ ఆపిండు. రిటైరయినంక ఆపుదామంటే ఏమున్నది, నా మిషను దొరికింది," అనేవాడు పళ్ళతో దారం కొరుకుతూ.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు పోయే పెద్ద రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే బేతెస్ద టవర్స్ వస్తుంది. పేరుకి టవర్సే గానీ ఉన్నది ఒక్కటే, దానికి ఐదంతస్తులు. రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షలకు చదివే ఆడపిల్లల హాస్టలు, మిగతావన్నీ సంసారాలు, అందులో సగం చర్చి కుటుంబాలు. కింద బండ్లు పెట్టుకునే సెల్లార్. ఆ సెల్లార్‌లో, మెట్ల కింద, బండి పట్టని మూలలో ఆనందం టైలరింగ్ కొట్టు.

ఆనందానిది సిరిసిల్ల. మగ్గాల ఇంట్లో పుట్టి, ఏడో తరగతి మధ్యలో బడి మానేసి, నేసే పని వద్దని కుట్టే పనికి వచ్చాడు. అమీర్‌పేటలో అడుగుపెట్టినవాడెవడూ ఏదో ఒక కంప్యూటరు కోర్సు చెయ్యకుండా బయటపడడు. పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉండి ఒక్క కోర్సూ చెయ్యనివాడు తానొక్కడేనని ఆనందం లెక్క. అందుకని చదువుకున్నవాడు కనపడితే చాలు, చొక్కా గుండీలు తప్పు వేసుకున్నాడేమోనని ముందు అది చూసేవాడు.

ఇక ఈ సైరన్ కథ. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం కుంభవృష్టి కురిసి సందంతా వాగై, సెల్లార్ నిండిపోయింది. స్కూటర్లు తేలాయి. ఆనందం మిషను మోటారు కాలింది. అప్పుడు అసోసియేషన్ అధ్యక్షుడైన దయారత్నం గారు అందరినీ కూర్చోబెట్టి ఒక ఉపన్యాసం చేశాడు. ఆయనది గుంటూరు వైపు. మాట కూడా ప్లాట్‌ఫారం మీద ప్రకటనలాగా తాపీగా, పూర్తిగా ఉంటుంది.

"వాన కూడా రైలు లాంటిదేనండి. ముందు స్టేషన్ దాటగానే మనకి కబురు వస్తుంది. కబురు రాగానే గేటు వెయ్యాలి. రైలు వెళ్ళేదాకా తియ్యకూడదు. అంతే, ఇందులో తెలియనిదేం లేదు."

అందరికీ నచ్చింది. వాచ్‌మన్ గదిలో ఒక పెట్టె పెట్టారు. వాతావరణ శాఖ వాళ్ళు ఇచ్చే హెచ్చరిక ఇంటర్నెట్లో నేరుగా ఆ పెట్టెలోకి వస్తుంది. పసుపు హెచ్చరికకు లైటు వెలుగుతుంది. ఆరెంజికి సైరన్ కాసేపు మోగి ఊరుకుంటుంది. ఎరుపు వచ్చిందంటే మాత్రం ఆగకుండా మోగుతుంది, లిఫ్టు మొదటి అంతస్తుకు పోయి నిలబడుతుంది, రెండు నిమిషాలు ఆగి సెల్లార్ ర్యాంపు మీద ఉక్కు గేటు దిగుతుంది, మెట్ల తలుపు దానంతటదే తాళం పడుతుంది, నీళ్ళు తోడే మోటారు తయారుగా ఉంటుంది. హెచ్చరిక గడువు తీరి పెట్టెలో పచ్చలైటు వచ్చేదాకా గేటూ లేవదు, తలుపూ తెరుచుకోదు. మెట్ల తలుపు అవతల, పైనుంచి దిగేవాళ్ళకి కనపడేట్టు, అద్దాల పెట్టెలో ఒక ఎర్ర బటన్ పెట్టారు. అది నొక్కితే గేటూ, తలుపూ రెండూ ఒకేసారి తెరుచుకుంటాయి. గేటు పడితే సిగ్నలు, సిగ్నలుంటే గేటు, రైల్వేలో అంతేనట. విడివిడిగా తెరిచే పద్ధతి దయారత్నం గారి జాతకంలోనే లేదు.

ఆ బటన్ కాపలా బుచ్చమ్మది. బుచ్చమ్మ మెట్లు ఊడుస్తుంది, నీళ్ళ మోటారు వేస్తుంది, వాచ్‌మన్ లేనప్పుడు వాచ్‌మన్ కూడా తనే. దయారత్నం ఆమెను నిలబెట్టి పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"ఎవరొచ్చి అడిగినా?"

"ఒత్త సారూ."

"నొక్కుతాననా, నొక్కననా?"

"ఒత్తనే ఒత్త."

"నేనే వచ్చి అడిగినా?"

"మీరడిగినా ఒత్త సారూ."

"అదీ. రైల్వేలో ఉంటే నీకు మెడల్ వచ్చేది."

మొదటి నెల అంతా ప్రళయమే. పెట్టె బిగించిన తారక్ అనే కుర్రాడు హైదరాబాద్ అని పెట్టాల్సిన చోట రాష్ట్రం మొత్తం పెట్టి పోయాడు. ఆసిఫాబాద్‌లో ఉరిమితే అమీర్‌పేటలో సైరన్ మోగింది. ఎండ మండిపోతుంటే హాస్టలు పిల్లలు పుస్తకాలు పట్టుకుని రోడ్డుమీదికి ఉరికారు. ఒకసారి ఆనందం చేతిలో కత్తెర జారి, ఎవరిదో సఫారీ చెయ్యి మోచేతి దాకా తెగింది. ఆ సఫారీని హాఫ్ చేతులది చేసి, ఇప్పుడిదే ఫ్యాషనని చెప్పి ఇచ్చాడు. గిరాకీ నమ్మాడు. అయినా దయారత్నాన్ని ఆనందం క్షమించలేదు.

తారక్ వచ్చి ఆ లెక్క సరిచేశాడు గానీ, సైరన్ మాత్రం ఎవరికీ నచ్చలేదు. మూడో అంతస్తు ఆండ్రూ వాళ్ళ పసిబిడ్డ ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకుంది. అప్పుడు దయారత్నం గారి భార్య లీలాకుమారి ముందుకొచ్చింది. పంజాగుట్ట చర్చిలో సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూటమి కూడా ఆమెదే.

"ఆ దిక్కుమాలిన కూత ఎందుకండీ, మనుషులతో మనిషిలాగా చెబితే వినరా? నేను మాట్లాడి రికార్డు చేసిస్తాను," అంది.

మైకు ముందు నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మనిషిని వద్దనేదెవరు. సైరన్ తీసేశారు, ఆరెంజికి ఉత్త గంట, ఎరుపుకు ఆమె గొంతు పెట్టారు. డబ్బా మాత్రం ఆనందం నెత్తిమీదే ఉండిపోయింది.

ఇదంతా పోనీ అనుకోవచ్చు. అసలు దెబ్బ తర్వాత పడింది. వానాకాలం నడుమలో ఒక గురువారం మధ్యాహ్నం దయారత్నం ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని స్వయంగా సెల్లార్‌లోకి దిగాడు. ఆనందం అప్పుడే అన్నం తిని, గిన్నె మూత పెడుతున్నాడు.

"ఏంటయ్యా ఆనందం, భోజనం అయిందా?"

"మీ దయ సార్."

"ఒక మాట నీకు ముందే చెప్పడం మర్యాద అని వచ్చాను. ఈ ఆదివారం మీటింగులో తీర్మానం పెడుతున్నాం. సెల్లార్ ఖాళీగా ఉండాలి. సిస్టమ్ అలాగే డిజైన్ చేశాం. నువ్వు వేరే చోటు చూసుకోవాలి."

ఆనందం గిన్నె పక్కన పెట్టాడు. అమీర్‌పేటలో కొట్టు దొరకడమంటే కృష్ణానగర్‌లో హీరో వేషం దొరకడం లాంటిది. ఉన్న గిరాకీలంతా ఈ బిల్డింగు వాళ్ళు, ఈ సందు వాళ్ళు. ఇక్కడ్నుంచి కదిలితే ఈ వయసులో మళ్ళీ ఎస్.ఆర్. నగర్‌లో ఎవరి దుకాణంలోనో కూలికి కుట్టాలి, తన కొడుకు వయసువాడు "అంకుల్, కుట్టు వంకరొచ్చింది" అంటే పడాలి.

"పంతొమ్మిదేండ్ల సంది ఉన్న సార్ గీడ."

"తెలుసయ్యా. రూలు."

"మరి మీ సిస్టమ్ పనిజేస్తదని గ్యారంటీ ఏంది? ఇప్పటిదాక ఎర్రది రానే లేదు. ఒక్క సుక్క వాన సుత ఆపలే."

"వస్తే తెలుస్తుంది."

"పనిజెయ్యకపోతే?"

"పనిచెయ్యకపోతే పెట్టె పీకేసి నీ కొట్టు నీకే వదిలేస్తానయ్యా. మాట అంటే మాటే."

ఆనందం మనసులో సిరిసిల్ల దేవుళ్ళందరికీ ఒకే మొక్కు మొక్కాడు: ఆదివారంలోపు ఎర్రది రావాలి, వచ్చి ఆ గేటు మధ్యలో ఇరుక్కోవాలి, దయారత్నం తలకాయ దించుకోవాలి. మిషను మోటారు పోతే పోనీ, అనుకున్నాడు కూడా.

దేవుళ్ళు మరీ అంత తొందరపడతారని అనుకోలేదు. బయట వెలుగు తగ్గి, సందులో గాలి లేచి, ఎవరిదో రేకు ఎగిరిపడ్డ చప్పుడైంది. అంతలో నెత్తిమీద డబ్బా గొంతు సవరించుకుంది.

"ప్రభువు నామమున బేతెస్ద టవర్స్ నివాసులందరికీ నా హృదయపూర్వక వందనములు."

దయారత్నం మొహం వెలిగిపోయింది. "ఎరుపు. లైను మీద రైలొచ్చేసిందయ్యా," అని గడియారం చూసుకున్నాడు.

"ఈ నాలుగు మాటలు మాట్లాడే ధన్యత నాకిచ్చిన అసోసియేషన్ పెద్దలకు, కార్యదర్శి గారికి, కోశాధికారి గారికి, మొదటి అంతస్తు మొదలుకొని ఐదవ అంతస్తు వరకు గల తల్లులకు, తండ్రులకు, యవ్వనస్థులకు, చిన్నబిడ్డలకు..."

"అమ్మ మస్తు మాట్లాడ్తది సార్," అన్నాడు ఆనందం. పొగడ్తో ఎత్తిపొడుపో తెలియనిచ్చేవాడు కాదు.

"ముందుగా మనమందరం తలలు వంచి, కన్నులు మూసి, ప్రార్థనలో ఏకీభవిద్దాం."

ఇక్కడే జరిగింది పొరపాటు. దయారత్నం పుట్టినప్పటినుంచి ఆ మాట వినగానే కళ్ళు మూసుకునే మనిషి. రైలు పట్టాల మీదున్నా మూసుకుంటాడు. ఆయన చేతులు వాటంతటవే జోడయ్యాయి, తల వంగింది. ఆనందానికి ప్రార్థనతో పనిలేదు గానీ, కొట్టు పోతుందో ఉంటుందో తేలని వేళ అధ్యక్షుడు కళ్ళు మూసుకుంటే తాను తెరుచుకుని నిలబడటం బాగుండదనిపించింది. పైగా ఈ బిల్డింగులో పంతొమ్మిది క్రిస్మస్‌లకు కేకు తిన్నాడు. టేపు మెడలో వేసుకుని తనూ తల వంచాడు.

"ప్రేమగల తండ్రీ, గాలినీ వాననూ గుప్పిట పట్టుకున్న దేవా, ఈ భవనమును, ఇందులోని లిఫ్టును, నీళ్ళ మోటారును, విద్యుత్ మీటర్లను నీ రెక్కల క్రింద దాచుమని..."

మీటర్ల తర్వాత ఇన్వర్టర్లు వచ్చాయి, ఇన్వర్టర్ల తర్వాత హాస్టలు పిల్లల పరీక్షలు వచ్చాయి. ఎక్కడో ఇనుము కదిలిన చప్పుడైంది. ఆనందం ఒక కన్ను తెరిచాడు. ర్యాంపు మీద ఉక్కు గేటు మెల్లగా, ఎక్కడా ఆగకుండా, వెన్నలో కత్తిలా దిగుతోంది.

"సార్."

"ష్. ప్రార్థన."

"ఆమెన్," అంది డబ్బా.

"ఆమెన్," అన్నాడు దయారత్నం.

గేటు నేలకు ఆనుకుంది. మెట్ల తలుపు టక్కుమంది. అప్పుడు లీలాకుమారి గారి గొంతు ఎంతో ఆప్యాయంగా అసలు విషయానికొచ్చింది: "సెల్లార్‌లో ఉన్నవారు గేటు పడకముందే దయచేసి పైకి రావలసిందిగా మనవి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు నిమిషాల లెక్క సైరన్ ఉన్నప్పుడు పెట్టింది. గొంతు మారాక ఆ లెక్క మార్చాలని ఎవరికీ తోచలేదు. ఆమె గొంతును ఇంట్లో విని బాగుందన్నారే గానీ, గేటుతో కలిపి ఎవరూ వినలేదు.

దయారత్నం మెట్ల తలుపు దగ్గరికి పోయి తోశాడు, లాగాడు, తట్టాడు. తలుపు మంచి కంపెనీది.

"లోపల బటన్ ఏడున్నది సార్?" అని అడిగాడు ఆనందం.

"లోపల పెట్టలేదు."

"ఎందుకు?"

"ఎరుపు వచ్చినప్పుడు లోపల మనిషి ఉండకూడదు. ఉండడు కాబట్టి బటన్ అక్కర్లేదు."

"గట్లనా," అన్నాడు ఆనందం. అని, స్టూలు మీద దుమ్ము దులిపి ముందుకు జరిపాడు. "కూసోండ్రి సార్. మనిద్దరం లేము."

దయారత్నం కూర్చోలేదు. ఫోన్ తీశాడు. సెల్లార్‌లో సిగ్నలు రావడమన్నది ఆనందం చూడలేదు. గేటు అవతల వాన మొదలైంది. మొదట జల్లులా, తర్వాత బియ్యం బస్తాలు కుమ్మరించినట్టు, ఆ తర్వాత ఇక ఏ చప్పుడో చెప్పలేనట్టు కురిసింది. నీళ్ళు ర్యాంపు దిగి వచ్చి గేటుకు కొట్టుకోవడం వినిపిస్తోంది. ఆనందం గేటు అడుగున చూశాడు, చుక్క లేదు. పక్కన చూశాడు, చుక్క లేదు. మొక్కిన దేవుళ్ళు సగం మొక్కే విన్నారన్నమాట.

కాసేపటికి మెట్లమీద చెప్పుల చప్పుడైంది. దయారత్నం తలుపు బాదాడు.

"బుచ్చమ్మా, నేను, దయారత్నాన్ని. బటన్ నొక్కు."

తలుపవతల చెప్పులు ఆగాయి. "ఒత్త సారూ."

"నొక్కమ్మా, తొందరగా."

"మీరడిగినా ఒత్తనన్న గద సారూ."

"అప్పుడు నేను బయటుండి చెప్పాను. ఇప్పుడు లోపలున్నాను."

"లోపలుంటే ఒత్తుమని మీరు చెప్పలే."

ఆనందానికి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. రైల్వేలో ఉంటే మెడల్ వచ్చేదన్నది దయారత్నమే. "అమ్మగారిని పిలువు," అన్నాడు చివరికి.

లీలాకుమారి గారు దిగివచ్చింది. వెంట హాస్టలు పిల్లలు కూడా దిగినట్టున్నారు, తలుపవతల గుసగుసలు.

"ఏవండీ, మీరు లక్డీకాపూల్ వెళ్తానన్నారుగా? లోపలెలా ఉన్నారు?"

"నీ ప్రార్థనలో ఉన్నాను. ముందు ఆ బటన్ నొక్కు."

"నొక్కితే గేటు కూడా లేస్తుందిగా. వాచ్‌మన్ గదిలో కెమెరా చూసే వస్తున్నాను, అవతల నీళ్ళు నా ఎత్తున్నాయండీ. నొక్కమంటారా?"

దయారత్నం నోరు తెరిచాడు. ఆయన మొహం మీద చెమట, ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతున్నాడు. నొక్కమనేలాగే ఉన్నాడు.

ఇదీ సమయం. ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు. గేటు లేస్తుంది, సెల్లార్ నిండుతుంది, సిస్టమ్ పనిచెయ్యలేదని బిల్డింగంతా చూస్తుంది, పెట్టె పీకేస్తారు, అధ్యక్షుడు మాట ఇచ్చే ఉన్నాడు. ఆనందం మిషను వైపు చూశాడు. దాని పక్కన కొత్త మోటారు ఉంది. దోరి మీద ఏడుగురి ప్యాంట్లు వేలాడుతున్నాయి. మూలన చర్చి పాటలవాళ్ళ గౌన్ల గుడ్డ చుట్ట విప్పకుండా ఉంది. కొట్టును కాపాడుకోవడానికి కొట్టును ముంచాలి. ఏడో తరగతి లెక్కల్లో కూడా ఇలాంటిది రాలేదు.

"అమ్మా, మీ కాల్మొక్త, ఒత్తకుండ్రి," అని అరిచాడు. "మాకేం గాలే. గేటు మంచిగున్నది. ఒక్క సుక్క రాలే. సార్ బనాయించిన గేటు."

ఆ చివరి మాట ఎలా వచ్చిందో ఆనందానికే తెలియదు. దయారత్నం కూడా కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"అయితే ఉండండి బ్రదర్, ప్రార్థన చేస్తుంటాం," అంది లీలాకుమారి.

దయారత్నం ఆనందం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అది కాదయ్యా. నాకు షుగర్."

"తీపి ఏమన్న కావాల్నా సార్?"

"తీపి కాదు." చిటికెన వేలు కొంచెం లేపి, సగంలోనే దించేశాడు.

ఆనందానికి అర్థమైంది. అమీర్‌పేట మొత్తంలో ఈ వేళ ఇంత పెద్ద మనిషికి ఇంత చిన్న కష్టం వచ్చిందంటే ఎవరు నమ్ముతారు. పాత పెయింటు డబ్బా ఒకటి తెచ్చి దూరంగా స్తంభం వెనక పెట్టాడు. దోరి లాగి అవతలి మేకుకు కట్టి, లైనింగు గుడ్డ అడ్డంగా పరిచాడు. దయారత్నం వెళ్ళాడు. చాలాసేపటికి గుడ్డ వెనకనుంచి మాట వచ్చింది.

"ఆనందం."

"సార్."

"అవతల ఆడపిల్లలున్నారయ్యా. అంతా నిశ్శబ్దంగా ఉంది. నాకు కావట్లేదు. ఏదైనా చప్పుడు చెయ్యి."

ఆనందం మిషను మీద కూర్చుని, దారం లేదు, గుడ్డ లేదు, ఊరికే కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. టకటకటక. ఇంత వేగంగా పెళ్ళిళ్ళ సీజన్లో కూడా తొక్కలేదు.

"ఏవండీ, లోపల ఏంటా చప్పుడు?" అంది లీలాకుమారి.

"ఆనందం పని చేసుకుంటున్నాడు."

"ఇంత ఆపదలోనా?"

"అర్జెంటమ్మా," అన్నాడు ఆనందం తొక్కుతూ.

తర్వాత దయారత్నం వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. బరువు దిగిన మనిషి మాట కూడా తేలికవుతుంది. జేబురుమాలుతో చేతులు తుడుచుకుని గేటు వైపు తిరిగాడు.

"సర్వీసులో ఒక్క తప్పు సిగ్నల్ ఇవ్వలేదయ్యా నేను. ఇక్కడ మనిషి ఉంటాడన్న లెక్క ఎలా తప్పాను?"

"నేనుంటి గద సార్. దినాం."

"ఉన్నావు. రోజూ చూశాను కూడా." కళ్ళద్దాలు తుడుచుకుని, "అసలు బేతెస్ద అంటే ఏంటో తెలుసా నీకు?" అన్నాడు.

"బిల్డర్ బిడ్డ పేరనుకున్న."

"కోనేరయ్యా. బైబిల్లో ఒక కోనేరు."

"కోనేరని పేరు వెట్టి, నీళ్ళొస్తున్నయని మీటింగులు పెడ్తుండ్రా సార్?"

దయారత్నం నవ్వడం ఆనందం అదే మొదటిసారి చూడటం. ఆయన నవ్వు కూడా తాపీగా, ఒక్కో పెట్టె దాటే గూడ్సులాగా వచ్చింది. ఆ ఊపులో ఆయన ప్యాంటు నడుము దగ్గర పిన్నీసు కనపడింది. ఆనందం కన్ను అలాంటివి వదలదు.

"గిదేంది సార్, అధ్యక్షులు పిన్నీసు వెట్టుకుంటరా? లేవుండ్రి."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు దొరుకుతరు మీరు."

అట్లా కొలత తీస్తుండగా వాచ్‌మన్ గదిలో పెట్టెతోపాటు నెత్తిమీద డబ్బాకు కూడా పచ్చలైటు వెలిగింది. సందులో నీళ్ళు తగ్గాయి, ర్యాంపు మీదవి మోటారు అప్పటికే తోడేసింది. గేటు లేవడం మొదలైంది. అవతల బిల్డింగంతా నిలబడి ఉంది. వాళ్ళకి ముందు దయారత్నం గారి బూట్లు కనపడ్డాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత ఆయన నడుము చుట్టూ టేపు, ఆ టేపు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్న ఆనందం. హాస్టలు పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు, ఎస్.ఆర్. నగర్ నుంచి తడుస్తూ ఉరికొచ్చిన ఆనందం భార్య రాజమణి నిలబడి ఉంది.

"సచ్చినవో బతికినవో అని నేనొస్తే, నువ్వు నడుములు కొలుస్తున్నవా?" అంది, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా.

"ముప్పై ఎనిమిది," అన్నాడు ఆనందం. "గుర్తు వెట్టుకో."

ఆదివారం ఆరాధన కాగానే మీటింగు పెట్టారు. ఆనందం వెనకవరసలో, ద్వారానికి దగ్గరగా కూర్చున్నాడు. దయారత్నం లేచి, సిస్టమ్ అనుకున్నట్టే పనిచేసిందన్నాడు, సెల్లార్‌లోకి చుక్క రాలేదన్నాడు. ఇకమీదట ముందు కబురు, గేటు పడ్డాక ప్రార్థన అన్నాడు. లీలాకుమారి గారు వందనాలు మాత్రం ముందే ఉండాలని పట్టుబట్టి, చివరికి ఒక్క వాక్యానికి ఒప్పుకుంది. లోపల కూడా ఒక బటన్ పెట్టాలని, అది మెట్ల తలుపును మాత్రమే తెరవాలని తీర్మానించారు.

"రెండోది," అన్నాడు దయారత్నం. "సెల్లార్ ఖాళీ చెయ్యాలి. టైలరు కొట్టు అక్కడ ఉండకూడదు."

ఆనందం నెత్తిన పిడుగు పడినట్టైంది. పెయింటు డబ్బా సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. లేచి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. ముందు వరసలో లీలాకుమారి గారు తన భర్త వైపు గర్వంగా చూస్తోంది. ఆనందం నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆ ఒక్క మాటా అనలేకపోయినందుకు తనమీద తనకే మండింది.

"అక్కడ మనిషి ఉండే చోటు కాదు. నేనుండి చూశాను కాబట్టి చెబుతున్నాను," అని ఆగకుండా కొనసాగించాడు దయారత్నం. "గేటు పక్కన పైన నా కారు పెట్టే జాగా ఉంది. కంటి ఆపరేషన్ అయ్యాక నేను కారు తియ్యట్లేదు. అమ్మేస్తున్నాను. కొట్టు అక్కడ పెట్టుకుంటాడు. నా జాగా, నా ఇష్టం. రూలు ప్రకారమే."

"సార్, మీ జాగా ఎందుకివ్వడం?" అని అడిగాడు ఆండ్రూ.

దయారత్నం ఆనందం వైపు చూశాడు. ఆనందం ఫ్యాను వైపు చూశాడు.

"సిగ్నలు విషయం," అన్నాడు దయారత్నం. అంతకన్నా ఎవరూ రాబట్టలేకపోయారు.

కొత్త కొట్టుకు వెలుతురుంది, గాలి ఉంది, ఫోన్ సిగ్నలుంది. దారినపోయేవాళ్ళు బోర్డు చదువుతారు. హాస్టలు పిల్లలు దిగుతూ ఎక్కుతూ జాకెట్లు ఇచ్చిపోతున్నారు. రాజమణి రోజూ వచ్చి బయట కుర్చీ వేసుకుని హుక్కులు కుడుతూ, సందులో సంగతులన్నీ పోగేస్తోంది. దయారత్నం గారు కొత్త ప్యాంటులో, పిన్నీసు లేకుండా, సాయంత్రం వచ్చి స్టూలు మీద కూర్చుంటాడు.

ఆనందం మాత్రం మారలేదు. కొట్టు మారిన మొదటిరోజే టేపు పెట్టి నాలుగు వైపులా కొలిచాడు, స్తంభం ఆక్రమించింది తీసేశాడు. ఇప్పుడు గిరాకీ ఎవరొచ్చినా, జేబులూ గుండీలూ అడిగే ముందు ఆ లెక్క వినాల్సిందే, పక్కన దయారత్నం కూర్చుని ఉన్నా సరే. సెల్లార్‌లోది ఎనిమిదడుగులకు పదకొండు, ఎనభై ఎనిమిది చదరపు అడుగులు. ఇది ఎనిమిదికి తొమ్మిది, డెబ్బై రెండు. పెద్దమనిషిని నమ్ముకున్నందుకు ఆనందానికి పోయింది పదహారు చదరపు అడుగులు, అంటే రెండు గజాలకు రెండడుగులు తక్కువ.